తలుపు దగ్గరి చాప

నాకు దొరల మీద కోపం లేదు. ఒక్క దొర మీద ఉంది. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు, చల్లార్చుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించిందీ లేదు. ఆ మనిషి నాకు ఏ కీడూ చేయలేదు. ఎదురుపడితే నాకంటే ముందు తానే నమస్కారం పెట్టేవాడు. నా స్నేహితుణ్ణి తీసుకుపోయాడు, అంతే.

నా స్నేహితుడూ నేనూ రాజమండ్రిలో మిషను బోర్డింగులో కలిసి పెరిగాం. ఇద్దరివీ ఊరికి ఎడంగా ఉండే పేటలే. వాడిది ధవళేశ్వరం పక్క, నాది పెద్దాపురం పక్క. ఒకే ముంతలో గంజి తాగాం, ఒకే దుప్పటి కింద పడుకుని ఆ దుప్పటి కోసం తన్నుకున్నాం. పెద్దయ్యాక ఇద్దరం అదే మిషను బడిలో పంతుళ్ళమయ్యాం. వాడు తెలివైనవాడు కాబట్టి పెద్ద తరగతి వాడికిచ్చారు. నాకు అక్షరాలు దిద్దే పిల్లల్ని ఇచ్చారు. దానికి నేనెప్పుడూ ఏడవలేదు. నా ఏడుపు అలాంటి వాటికి కాదు.

సాయంత్రం బడి వదిలాక గోదావరి గట్టు మీద నడిచేవాళ్ళం. అప్పట్లో రైలు వంతెన కోసం ఏటిలో స్తంభాలు లేస్తున్నాయి. అవి ఎంతవరకు వచ్చాయో చూడటం ఒక సాకు. వాడు మాట్లాడేవాడు, నేను అడ్డం తగిలేవాణ్ణి. నా పెళ్ళయ్యాక కూడా ఆ నడక ఆగలేదు. "మీరు ఆ అన్నయ్యగారినే చేసుకోవలసిందండి, నా ప్రాణం హాయిగా ఉండేది" అని మా ఆవిడ వేళాకోళం చేసేది. వాడికి పెళ్ళి కాలేదు. ఆదివారం భోజనం మా ఇంట్లోనే. చేపల పులుసులో తలకాయ వాడికే వేసేది మా ఆవిడ. దానికి మాత్రం కొంచెం ఏడ్చేవాణ్ణి.

అలా ఉండగా చిన్న దొర వచ్చాడు. మిషనంతా నడిపే ముసలాయన పెద్ద దొరగారు. ఆయనకు సాయంగా కొత్తగా ఓడ దిగి వచ్చినవాడు కాబట్టి ఇతను చిన్న దొర. మా ఈడువాడే. సన్నగా, పొడుగ్గా, ఎండకు మొహమంతా కమిలిపోయి ఉండేవాడు. అతనికి తెలుగు నేర్పమని పెద్ద దొరగారు నా స్నేహితుణ్ణి పెట్టారు. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. మావాడు దొరకు పాఠం చెబుతున్నాడని అందరికీ నేనే చెప్పుకున్నాను.

తరవాత పాఠం బంగళా వరండాలోంచి గట్టు మీదికి వచ్చింది. "నడుస్తూ నేర్చుకుంటే బాగా వస్తుందట్రా" అన్నాడు వాడు. రావచ్చు. కాని ఆ గట్టు మాది. ఒకరోజు నేనూ వెళ్ళాను. దొర మధ్యలో నడిచాడు. కాసేపు తెలుగులో మాట్లాడి, అలసిపోయి ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాడు. వీడూ అందులోకే దూకాడు. నా ఇంగ్లీషు బైబిలు చదువుకోవడానికి సరిపోతుంది కాని పరిగెత్తే మాటల వెంట పడటానికి చాలదు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. ఇంటికొచ్చి ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ వెళ్ళలేదు.

విడిపోయేటప్పుడు వాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపుకునేవారు. ఒకసారి బజారులో నలుగురి మధ్య చిన్న దొర మావాడి భుజం మీద చెయ్యి వేసి, "ఇతడు నా స్నేహితుడు" అన్నాడు, స్పష్టమైన తెలుగులో. ఆ ముక్క నేర్పింది వీడే కదా! నేనెన్నడూ వీణ్ణి అలా ఎవరికీ చూపించి చెప్పలేదు. ఎందుకు చెబుతాను, అందరికీ తెలిసిందేగా.

ఆ వేసవిలో ఊళ్ళోకి నాటకాలవాళ్ళు దిగారు. పాక వేసి, తెరలు కట్టి, రోజుకొక ఆట ఆడారు. మా మిషనులో నాటకాలు చూడకూడదు. అందులోనూ ఈ నాటకాలకు చెడ్డ పేరుంది. ఒక రాజు, రాజు మోజుపడిన భోగం పిల్ల, నడి వేదిక మీద పానుపు! ఆడవేషం వేసేది మగవాడే అయినా ఊళ్ళో పెద్దమనుషులు ఇళ్ళలో ఆడవాళ్ళను పంపకుండా తాము మాత్రం రెండేసిసార్లు చూసి వచ్చారు. నాకు చూడాలని ఉండేది. ఉండేది అనడమేమిటి, ప్రాణం కొట్టుకుపోయేది. పాక చివర తాడు కట్టి, దాని అవతల మా పేటలవాళ్ళను నిలబడనిచ్చేవారు. వెళదాం రమ్మని మావాణ్ణి అడిగాను. "పెద్ద దొరగారికి తెలిస్తే ఉద్యోగం పోతుందిరా" అన్నాడు.

ఆ మాటన్న వారంలోనే వాడు చిన్న దొరతో కలిసి వెళ్ళి నాటకం చూశాడు.

ఎలా చూశాడంటే, మొదటి వరసలో, కుర్చీలో కూర్చుని చూశాడు. దొరను చూసి నాటకం యజమాని పరుగెత్తుకొచ్చి కుర్చీ వేశాడట. దొర రెండోది వేయమన్నాడట. యజమాని మావాడి మొహం చూసి నసిగాడట. "ఇతడు నా స్నేహితుడు" అన్నాడట దొర. ఇంకేం మాట్లాడతాడు, వేశాడు. వెనక వరసల్లో ప్లీడర్లు, కరణాలు, షావుకార్లు. వాళ్ళందరికీ అడ్డంగా నా స్నేహితుడి తల.

మర్నాడు పొద్దున్నే మెయిను వీధిలో బట్టల కొట్టు షావుకారుగారు బంగళాకు వచ్చి, "మీ పంతులు ఇలాంటి బూతు నాటకాలు చూస్తాడా అండి? చూసి మాకే సిగ్గేసింది" అని చెప్పి వెళ్ళారు. ఆయన రెండో వరసలో కూర్చుని చూశారు. ఆయనకు సిగ్గేసింది నాటకానికి కాదని పెద్ద దొరగారికీ తెలుసు, నాకూ తెలుసు. కాని కుర్చీలో కూర్చోవడం మా నియమాల్లో తప్పు కాదు కదా. నాటకం చూడటం తప్పు. దాని మీదే విచారణ పెట్టారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్ళందరం బడిలో కూర్చున్నాం. సంఘ పెద్దలు ముందు, పెద్ద దొరగారు కుర్చీలో, చిన్న దొర పక్క కుర్చీలో, నా స్నేహితుడు నిలబడి. వాడు చూసింది చూసినట్టు ఒప్పుకున్నాడు. అక్కడితో అయిపోవలసింది. కాని పెద్దలకు తృప్తి కలగలేదు.

"పానుపు మీద ఇద్దరూ కూర్చున్నారా?" అన్నారు ఒక పెద్ద.

"కూర్చున్నారండి."

"దగ్గరగానా?"

"దగ్గరగానే అండి."

"పైట ఉందా?"

"ముందు ఉందండి."

బడంతా ఊపిరి బిగపట్టింది. "తరవాత?" అన్నారు ఇంకొకాయన, ముందుకు వంగి.

"తరవాత దీపం ఆర్పేశారండి."

"ఆర్పేశాక?"

"చీకటండి. మాటలే వినబడ్డాయి."

"ఏమన్నారేంటి?"

పెద్ద దొరగారు చెయ్యెత్తి "చాలు" అన్నారు. "విచారణ పూర్తి కావాలి కదండి" అని ఆ పెద్దాయన గొణిగారు. ఆయన మొహంలో నిరాశ చూసి నవ్వాగలేదు నాకు. నాకూ వినాలనే ఉంది. వాడు ఆ మాటలు దొర పక్కన కూర్చుని విన్నాడన్నది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అప్పుడు చిన్న దొర లేచాడు. "తీసుకువెళ్ళింది నేను. తప్పు నాది" అన్నాడు. పెద్ద దొరగారు ఇంగ్లీషులో నెమ్మదిగా రెండు మాటలన్నారు. చిన్న దొర కూర్చున్నాడు. చిన్న దొరగారు భాష నేర్చుకోవడానికీ, జనం అలవాట్లు తెలుసుకోవడానికీ వెళ్ళారని తరవాత పెద్ద దొరగారే సంఘానికి తెలుగులో చెప్పారు. అదే నాటకం, అదే పానుపు, అదే చీకటి. ఒకరికి పాఠమయింది, ఒకరికి పాపమయింది. దాని మీద అందరికంటే ముందు నాకే మండాలి. మండింది కూడా. కాని దానికంటే ఎక్కువ మండిందేమిటంటే, వాడి పక్షాన ఒక మాట అందామని నేను లేవబోతుంటే ఆ మనిషి నాకంటే ముందు లేచాడు.

నా స్నేహితుడికి పరీక్షాకాలం వేశారు. మా సంఘంలో అదొక పద్ధతి. తప్పు చేసినవాణ్ణి వెలివేయరు. మళ్ళీ పంటలు ఇంటికొచ్చేదాకా గుళ్ళో అందరితో కూర్చోనివ్వరు. వెనక, తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట ఒక చాప వేస్తారు. వాడు అక్కడ కూర్చోవాలి. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గరకు రాకూడదు. బడిలో పాఠం చెప్పకూడదు. ఇంకొకటి, వాడికి సంఘంలో ఒకరు పూచీ ఉండాలి. పూచీ ఉన్నవాడు ప్రతి ఆదివారం ఆ చాప మీద వాడి పక్కనే కూర్చుని, గడువు తీరిన రోజున లేచి నిలబడి, ఇతను చేసినదానికి దుఃఖపడ్డాడని అందరి ముందూ చెప్పాలి. ఆ మాటతోనే వాడు మళ్ళీ లోపలికి వస్తాడు. పూచీ దొరక్కపోతే పేరు కొట్టేస్తారు. ఇతను దుఃఖపడలేదని పూచీ ఉన్నవాడు చెబితే మళ్ళీ అంత గడువూ పెడతారు.

"నీకు పూచీ ఎవరు?" అని అడిగారు పెద్ద దొరగారు.

నేను లేవడానికి సిద్ధంగా పంచె సర్దుకున్నాను. నా స్నేహితుడు చిన్న దొర వైపు చూశాడు.

చిన్న దొర మొహం వెలిగిపోయింది. "నేను ఉంటాను" అన్నాడు. పెద్ద దొరగారు ఈసారి తెలుగులోనే అన్నారు: "పూచీ ఉన్నవారు చెప్పుల దగ్గర నేల మీద కూర్చోవాలి. ఒక దొర అక్కడ కూర్చోవడం ఈ సంఘం ఇంతవరకు చూడలేదు. చూడదు కూడా." చిన్న దొర ఎర్రబడ్డాడు. తన కుర్చీ చేతిని రుద్దుతూ ఉండిపోయాడు. నా స్నేహితుడు కొంతసేపు అటే చూశాడు. తరవాత నా వైపు తిరిగాడు. నేను పెంకుల్లో పిట్టగూడు ఉందేమోనని పైకి చూశాను.

"ఒరే" అన్నాడు వాడు.

"ఏంటి?"

"నువ్వుంటావా?"

అడిగించుకున్నాను, అవును. రెండోసారి కూడా అడిగించుకున్నాను. తరవాత ఉంటానన్నాను.

ఆ రోజుల గురించి నిజం చెప్పాలంటే, నా జీవితంలో అంత సుఖంగా గుళ్ళో ఎప్పుడూ కూర్చోలేదు. చిన్న దొర ఎక్కడో ముందు, బల్ల పక్కన కుర్చీలో. మేమిద్దరం తలుపు దగ్గర, ఒకే చాప మీద, గాలి తగులుతూ. వర్షాకాలంలో జల్లు కొట్టి ఇద్దరి మోకాళ్ళూ తడిసేవి. ప్రసంగం సాగినంతసేపూ వాడు చాప ఈనెలు పీకేవాడు, బోర్డింగులో లాగే. నేను వాడి చేతి మీద కొట్టేవాణ్ణి. దొర మధ్యమధ్య మెడ సాచి మా వైపు చూసేవాడు. అలా చూసినప్పుడల్లా నేను వాడి చెవిలో ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. చెప్పడానికి ఏమీ లేకపోయినా చెప్పేవాణ్ణి. మావాడికి అది పరీక్షాకాలం. నాకు పండగ.

ఒకరోజు వాన హోరుకు ప్రసంగం మాకు వినబడటం లేదు. అడగకుండా ఉండలేకపోయాను.

"నన్నెందుకు పిలవలేదురా నాటకానికి?"

వాడు ఈనె పీకడం ఆపాడు. "నీతో వస్తే తాడు అవతల నిలబడేవాళ్ళం" అన్నాడు. "అది మనకు అలవాటైనదే కదా. ఒక్కసారి కూర్చుని చూద్దామనిపించింది."

నేను తడిసిన పంచె అంచు పిండుకున్నాను.

"నాటకం నాకు సరిగ్గా గుర్తు కూడా లేదురా. కుర్చీ గుర్తుంది. వీపు ఆన్చుకునే కుర్చీ. వెనక ఎవరెవరున్నారో నాకు తెలుసు. ఒక్కడు కూడా నన్ను లేవమనలేదు."

"మరి చేసింది తప్పనిపించడం లేదా?"

"మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళతాను" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. నాతో వస్తే తాడు అవతలే. నేను వాడికి ఇవ్వగలిగింది తాడు అవతల నా పక్కన కాస్త చోటు. వాడన్నదాంట్లో ఒక్క తప్పు దొరికినా పోట్లాడేవాణ్ణి. దొరకలేదు కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

గడువు ముగియబోతుండగా కొత్త కబురు వచ్చింది. మెట్టలో, జంగారెడ్డిగూడెం వైపు, మిషను కొత్త బడి పెడుతోంది. చిన్న దొరను అక్కడికి వేశారు. తనతో పంతులుగా మావాణ్ణి పంపమని అడిగాడట. వచ్చే ఆదివారం పూచీ సాక్ష్యం సరిగ్గా వస్తే తీసుకువెళ్ళవచ్చు, లేకపోతే వేరే పంతులు వెళతాడు అన్నారట పెద్ద దొరగారు. ఆ సాక్ష్యం చెప్పవలసింది నేను.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

"ఏంటండీ, మొహం అలా పెట్టారు?" అంది మా ఆవిడ.

"వాడు దుఃఖపడలేదు. నాకు తెలుసు" అన్నాను.

"అయితే అదే చెప్పండి."

"అది చెబితే మళ్ళీ గడువు పెడతారు. దొర ఒక్కడే పోతాడు. వీడు ఇక్కడే ఉంటాడు."

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "మీకంత సత్యం మీద ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందండీ?" అంది.

నేను లేచి గట్టు మీదికి పోయాను. దేవుడి గుడిలో నిజం చెబితే నాకు కావలసింది నాకు దక్కుతుంది. అబద్ధమాడితే పోతుంది. ఇలా తిరగబడిన లెక్క ఎవరికైనా ఎదురయిందో లేదో తెలియదు. వాడి గది ముందు నుంచి వస్తుంటే లోపల పెట్టెకు కొత్త తాడు బిగించుకుంటూ కనబడ్డాడు. నా సాక్ష్యం మీద అంత నమ్మకం వాడికి. లోపలికి వెళ్ళకుండా వచ్చేశాను.

ఆదివారం వచ్చింది. పెద్దలు నన్ను లేవమన్నారు. గుడంతా వెనక్కి తిరిగింది. చిన్న దొర కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. నా స్నేహితుడు తల వంచుకుని చాప ఈనె ఒకటి పీకుతున్నాడు. చూసేవాళ్ళకు అది పశ్చాత్తాపంలాగే ఉంది.

"ఈ సహోదరుడు చేసినదానికి దుఃఖపడ్డాడా?"

నోరు తెరిచేదాకా ఏం చెబుతానో నాకు తెలియదు. "దుఃఖపడ్డాడండి" అన్నాను.

"మీకెలా తెలుసు?" అన్నారు, పానుపు గురించి అడిగిన పెద్దాయనే.

"ఇన్ని ఆదివారాలూ పక్కన కూర్చున్నానండి. పక్కన కూర్చున్నవాడికి తెలియదా, మనిషి లోపల ఏముందో?"

నా గొంతు బొంగురుపోయింది. ముందు వరసల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, వాడి కోసం అనుకుని. వాణ్ణి బల్ల దగ్గరకు రమ్మన్నారు. వాడు లేచి, నా భుజం నొక్కి, అందరి మధ్య నుంచి ముందుకు నడిచాడు. నన్నూ లేవమని ఎవరూ చెప్పలేదు. ఆరాధన అయ్యేదాకా చాప మీద ఒక్కణ్ణే కూర్చున్నాను.

వాళ్ళు వెళ్ళిన రోజు మా ఆవిడా నేనూ రేవుకు వెళ్ళాం. పోలవరం దాకా పడవ, అక్కడినుంచి ఎడ్లబండి. మా ఆవిడ దారికి పులిహోర కట్టి ఇచ్చింది. మూటలో ఆత్రేయపురం పూతరేకులు కూడా పెట్టింది, వాడికిష్టమని. నాకూ ఇష్టమే. వాడు మూట అందుకుని, నా చెయ్యి పట్టుకుని దొరల పద్ధతిలో ఊపాడు. ఎంతసేపు ఊపాలో, ఎప్పుడు వదలాలో నాకు తెలియలేదు. నేను వదలకపోతే వాడే వదిలించుకున్నాడు. చిన్న దొర నాకు నమస్కారం పెట్టాడు. పెట్టాను నేనూ.

పడవలో తాటాకు కప్పు కింద ఒక కుర్చీ వేసి ఉంది. ఒక్కటే. దొర అందులో కూర్చున్నాడు. నా స్నేహితుడు అటూ ఇటూ చూశాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. తరవాత దొర కాళ్ళ దగ్గర, పెట్టె పక్కన, చెక్కల మీద చతికిలబడ్డాడు. దొర వంగి ఏదో చెబుతున్నాడు, సంతోషంగా. వాడు తల పైకెత్తి వింటున్నాడు. దొరకు ఆ కుర్చీ సంగతి తట్టినట్టే లేదు.

చూసి నేను సంతోషించాలి. నా పగ తీరినట్టే కదా. లేకపోతే వాడికోసం జాలిపడాలి. రెండూ కాలేదు. పడవ వంతెన స్తంభాల మధ్య నుంచి పైకి సాగుతుంటే ఒడ్డు మీద నిలబడి ఉడికిపోయాను.

"ఏంటండీ, మీలో మీరే గొణుక్కుంటున్నారు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు" అన్నాను.

నేలమీద కూర్చోవడానికే అయితే నా పక్కన చాప లేదట్రా!